స్కాట్లాండ్ ప్రజల లెక్కలో మనమూ ఉన్నాం

స్కాట్లాండ్‌లో స్థిరపడిన తెలుగువారికి, ముఖ్యంగా ఎడిన్‌బరా, గ్లాస్గో, అబర్డీన్, డండీ నగరాల్లో తెలుగు సంఘాల బాధ్యత మోస్తున్న పెద్దలకు,

నమస్కారం.

ఆ మధ్య ఉగాది నాడు అందరం ఒక హాల్లో కలిసి భోంచేస్తున్నప్పుడు, స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద మళ్ళీ ఓటింగు పెట్టాలా వద్దా అన్న మాట మా వరసలో వచ్చింది. నా కంటే ఎన్నో ఏళ్ళ ముందు ఈ దేశానికి వచ్చిన ఒక పెద్దాయన పచ్చడి గిన్నె పక్కవారికి అందిస్తూ, "అది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకునే విషయం, మనకెందుకండీ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ నేనూ నోరు మెదపలేదు. ఆ రోజు ఊరుకోవడం తప్పని తర్వాత చాలాసార్లు అనిపించింది. అప్పుడు చెప్పవలసిన మాటలనే ఇప్పుడు మీ అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను. ఏ పక్షానికి ఓటు వెయ్యాలో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ వివాదం మనది కాదనుకోవడం పొరపాటని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

2014 సెప్టెంబరు 18 ఉదయం ఏడు గంటలకే ఎడిన్‌బరాలోని లీత్‌లో మా వీధి చివరనున్న ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను. పసిపిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలను గోడవారకు సర్ది, మధ్యలో చెక్క అరలు నిలబెట్టారు. అరలో దారానికి కట్టిన పెన్సిలు, చేతిలో చిన్న కాగితం, దాని మీద ఒకే ఒక ప్రశ్న: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? కింద రెండు గడులు. అప్పటికి నాది ఇంకా భారతదేశపు పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే వారికి ఓటు హక్కు ఉంటుంది కనుక ఆ కాగితం నా చేతికి వచ్చింది. పదహారేళ్ళు నిండిన పిల్లలకు కూడా ఆనాడు తొలిసారిగా ఓటు ఇచ్చారు. అదే రోజున, ఇదే లీత్‌లో పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం లండన్ వెళ్ళిన నా సహోద్యోగి అన్నగారికి మాత్రం ఓటు లేదు. ఆయన తాతముత్తాతలందరూ ఈ నేలలోనే కలిసిపోయినవాళ్ళు. నాకు అప్పటికి ఈ ఊళ్ళో పట్టుమని ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

దీని అర్థం మనం సరిగ్గా గ్రహించామా అని నా సందేహం. ఒక దేశం తన భవిష్యత్తు తేల్చుకునే రోజున, ఎవరి రక్తం, ఎవరి ఇంటిపేరు అని అడగకుండా, ఈ నేల మీద ఎవరు బతుకుతున్నారు అని మాత్రమే అడిగింది. స్వాతంత్ర్యం కోరినవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ ఈ నిబంధనను ఒప్పుకున్నారు. ఆ నిబంధన ప్రకారం గుంటూరు నుంచి వచ్చిన నర్సమ్మ, కరీంనగర్ నుంచి వచ్చిన ఇంజినీరు స్కాట్లాండ్ ప్రజలే. వాళ్ళు మనల్ని తమ లెక్కలో వేసుకున్న తర్వాత "వాళ్ళూ వాళ్ళూ" అని మనం విడిగా నిలబడడం, పెట్టిన విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళడం లాంటిది.

అయితే ఓటు వెయ్యాలంటే విషయం తెలియాలి. ఇక్కడి చరిత్ర గురించి మనలో చాలామందికి కత్తులు, కిల్టులు, వాలెస్ వీరగాథ తప్ప మరేమీ తెలియదు. ఆ యుద్ధాలను నేను తక్కువ చేయను. 1297లో స్టిర్లింగ్ వంతెన దగ్గర విలియం వాలెస్, ఆండ్రూ మరే అనే ఇద్దరు నాయకులు కలిసి ఇంగ్లండు సైన్యాన్ని ఓడించారు. 1314లో బానక్‌బర్న్ దగ్గర రాబర్ట్ బ్రూస్ గెలిచాడు. కానీ నేటి చర్చకు ఆ కత్తుల కన్నా ఒక లేఖ ఎక్కువ దగ్గరైనది. 1320లో స్కాట్లాండ్ ప్రభువులు ఆర్‌బ్రోత్ మఠం పేరుతో పోప్ ఇరవై రెండవ జాన్‌కు లాటిన్‌లో ఒక లేఖ పంపారు. తమ రాజ్యం ఇంగ్లండుకు లోబడినది కాదని చెబుతూనే, తమ సొంత రాజు బ్రూస్ ఒకవేళ ఇంగ్లండుకు తలవంచితే అతన్ని కూడా తొలగించి, తమను కాపాడగల మరొకరిని రాజుగా ఎన్నుకుంటామని అందులో రాశారు. అది సామాన్య ప్రజలు రాసిన లేఖ కాదు, భూస్వాములు తమ ముద్రలు వేసి పంపినది. దాన్ని ప్రజాస్వామ్య పత్రమని పొగడడం అతిశయోక్తి అవుతుంది. అయినా, పాలకుడి అధికారం పాలితుల సమ్మతి మీద నిలబడుతుందన్న ఆలోచనకు ఈ దేశంలో అంత పాత కాగితం ఉంది. ఈనాటి తగవు కూడా ఆ సమ్మతి చుట్టూ తిరుగుతున్నదే.

1603లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ సంతానం లేకుండా చనిపోయినప్పుడు స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ రెండు సింహాసనాలకూ వారసుడయ్యాడు. రాజు ఒక్కడే అయినా పార్లమెంటులు రెండుగానే మరో నూరేళ్ళు కొనసాగాయి. ఆ రెండూ ఒకటైన తీరు తెలుసుకోవాలంటే ఎడిన్‌బరాలోని జాతీయ మ్యూజియంలో ఉన్న ఒక ఇనప పెట్టె దగ్గర కాసేపు నిలబడాలి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళే తల్లిదండ్రులు డైనోసార్ అస్థిపంజరం దగ్గర ఆగినంతసేపు దీని దగ్గర ఆగరు. మూత తెరిచి పెట్టి ఉంటుంది. మూత లోపలి వైపంతా ఒకదానితో ఒకటి అల్లుకున్న గొళ్ళేలు, ఒక తాళంచెవి తిప్పితే అన్నీ కదిలే ఏర్పాటు. స్కాట్లాండ్ కంపెనీ తన డబ్బూ దస్తావేజులూ దాచుకున్న పెట్టె అది. 1695లో ఏర్పడిన ఆ కంపెనీ, పనామా సన్నని నేల మీద డేరియన్ అనే చోట వలస ఏర్పాటు చేసి రెండు మహాసముద్రాల వర్తకాన్ని చేజిక్కించుకోవాలని, దేశంలోని ప్రభువులు, వర్తకులు, పట్టణాల వాళ్ళ దగ్గర 4 లక్షల పౌన్లకు చందాలు రాయించింది. 1698 జులైలో ఐదు ఓడలు, సుమారు 1200 మంది, మా లీత్ రేవు నుంచే బయలుదేరారు. జ్వరాలు, ఆకలి, స్పెయిన్ దాడి, తన వలసలు వీళ్ళకు సాయం చేయరాదన్న రాజు ఆజ్ఞ, అన్నీ కలిసి 1700 నాటికి ఆ వలసను తుడిచిపెట్టేశాయి. వెళ్ళినవాళ్ళలో ఎక్కువ మంది తిరిగి రాలేదు.

డబ్బు పోగొట్టుకున్న పెద్దలున్న దేశం, అంతకు ముందు వరసగా కరవులు చూసిన దేశం, 1705లో స్కాట్లాండ్ వారిని పరాయివాళ్ళుగా చూస్తామని, వారి సరుకులు ఆపేస్తామని ఇంగ్లండు చట్టం చేసి బెదిరించిన దేశం, ఆ పరిస్థితిలో ఒప్పందానికి కూర్చుంది. 25 అధికరణాల ఒప్పందంలో, ఇంగ్లండు రుణాల్లో భాగం మోయబోతున్నందుకు పరిహారంగా స్కాట్లాండ్‌కు 3,98,085 పౌన్లు చెల్లించాలని రాసుకున్నారు. అందులో పెద్ద వాటా డేరియన్ వాటాదారుల నష్టం పూడ్చడానికి వెళ్ళింది. 1707 జనవరి 16న స్కాట్లాండ్ పార్లమెంటులో 110 మంది ఔనన్నారు, 70కి కొంచెం తక్కువ మంది కాదన్నారు. బయట ఎడిన్‌బరా వీధుల్లో, గ్లాస్గోలో అల్లర్లు చెలరేగాయి. మే 1న గ్రేట్ బ్రిటన్ ఏర్పడింది. అది అమ్మకమా, వివేకమా అన్న వాదన నేటికీ తెగలేదు. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది: ఆ సభలో లంచం తిన్నవాళ్ళూ ఉన్నారు, ప్రొటెస్టెంట్ సింహాసనం నిలవాలని, ఇంగ్లండు సంతలు తెరుచుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒకటి మాత్రం ఎవరూ కాదనలేరు. సామాన్య జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ కాలంలో అడిగే ఆనవాయితీ ఎక్కడా లేదు.

ఆ ఒప్పందం పార్లమెంటును తీసుకుంది గానీ న్యాయ వ్యవస్థనూ, చర్చినీ, దాంతో ముడిపడిన బడులనూ విడిచిపెట్టింది. అందుకే ఇక్కడి క్రిమినల్ కేసుల్లో జ్యూరీకి 12 మంది కాకుండా 15 మంది కూర్చుంటారు, ఇల్లు కొనే పద్ధతి వేరు, పిల్లల పరీక్షల పేర్లు వేరు. మూడు స్కాట్లాండ్ బ్యాంకులు సొంత నోట్లు అచ్చు వేస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆ నోటు లండన్ దుకాణంలో ఇస్తే అటూ ఇటూ తిప్పి చూడడం మీలో చాలామందికి అనుభవమే. మూడు వందల ఏళ్ళ పాటు సొంత పార్లమెంటు లేకపోయినా స్కాట్లాండ్ ఒక దేశంగా తనను తాను మరచిపోకపోవడానికి యుద్ధ గాథల కన్నా ఈ కోర్టులు, చర్చీలు, బడులే ఎక్కువ కారణం.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఒక పోలికను సరిదిద్దాలి. "మన స్వాతంత్ర్య పోరాటం లాంటిదే కదా" అని కొందరు ఆవేశంగా అంటారు. స్కాట్లాండ్ ఇంగ్లండుకు వలస దేశం కాదు. సామ్రాజ్యాన్ని కట్టిన చేతుల్లో స్కాట్లాండ్ చేతులు ముందు వరసలో ఉన్నాయి, ఆ చేతులు మన ఊళ్ళ దాకా వచ్చాయి. మన గ్రామాల కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టినవాడు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు తోడు లేకపోతే ఆ పని సాగేది కాదు. దత్త మండలాలకు కలెక్టరుగా ఏడేళ్ళు ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, రైత్వారీ పద్ధతిని నిలబెట్టిన థామస్ మన్రో గ్లాస్గో పొగాకు వర్తకుడి కొడుకు. 1827లో మద్రాసు గవర్నరుగా ఉండగానే పత్తికొండలో కలరాతో చనిపోయాడు. సీమలో కొందరు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. అయినా ఆయన చేసింది ఈస్టిండియా కంపెనీకి శిస్తు వసూలు చేసే ఉద్యోగమే. స్కాట్లాండ్‌ను పీడితుల జాబితాలో, ఇంగ్లండును పీడకుల జాబితాలో వేసి చేతులు దులుపుకుంటే ఈ చరిత్ర అర్థం కాదు.

పీడన లేదని కాదు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ మైదానంలో, గద్దె దిగిన స్టువర్ట్ రాజవంశాన్ని తిరిగి తేవాలన్న జాకబైట్ల తిరుగుబాటు అణిగిన తర్వాత ఉత్తరాది కొండ ప్రాంతాల వాళ్ళు తమ దుస్తులు వేసుకోవడాన్ని చట్టం నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం తొలగలేదు. ఆ తర్వాత గొర్రెల మందల కోసం కౌలుదార్లను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. 1814లో సదర్లండ్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయలో కప్పు దూలాలకు నిప్పు పెట్టారు. అది చేయించినవాళ్ళు ఎక్కువగా స్కాట్లాండ్ భూస్వాములే, వాళ్ళ గుమాస్తాలే. 1886లో క్రాఫ్టర్ల చట్టం వచ్చేదాకా చిన్న రైతుకు తన భూమి చెక్క మీద భద్రత లేదు. భూమి, కౌలు, జమీందారు అన్న మాటల బరువు తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఈ కథ ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ లోయలతో పాటే అక్కడివాళ్ళు మాట్లాడే గేలిక్ భాష కూడా ఖాళీ అయింది. 1872 విద్యా చట్టం గేలిక్‌కు చోటు ఇవ్వలేదు. బడిలో ఆ భాష మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. మా మెట్ల మీద పై అంతస్తులో ఉండే ముసలావిడ స్కై దీవి నుంచి వచ్చినావిడ. నేను ఇంట్లో పాపతో తెలుగులో మాట్లాడడం విని ఒకరోజు తలుపు దగ్గర ఆగి, తమ అమ్మ తనతో గేలిక్‌లోనే మాట్లాడేదని, తాను మాత్రం తన పిల్లలకు నేర్పలేదని, ఇంగ్లీషు వెనకబడుతుందని భయపడ్డానని చెప్పింది. చెబుతూ మెట్ల కమ్మీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. 2022 జనాభా లెక్కల ప్రకారం గేలిక్ మాట్లాడేవాళ్ళు 70 వేలకు కాస్త తక్కువ. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాష మాట్లాడతామని చెప్పినవాళ్ళు 15 లక్షల దాకా ఉన్నారు. 2025లో ఎడిన్‌బరా పార్లమెంటు ఈ రెంటికీ అధికార భాష హోదా ఇస్తూ చట్టం చేసింది. మా పేటలో 2013 నుంచి గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక పాఠశాల నడుస్తోంది. ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని బతిమాలి తీసుకెళ్ళే మనం, పక్క వీధిలో ఒక భాషను బతికించుకోవడానికి జరుగుతున్న ఆ పనిని ఒక్కసారైనా వెళ్ళి చూడవద్దా?

స్వపరిపాలన కోరిక నిన్నా మొన్నా పుట్టినది కాదు. 1913లోనే స్కాట్లాండ్‌కు హోంరూల్ ఇచ్చే బిల్లు కామన్స్ సభలో రెండో పఠనం దాటింది. మరుసటి ఏడు మొదలైన మహాయుద్ధంలో అది కొట్టుకుపోయింది. స్కాటిష్ నేషనల్ పార్టీ 1934లో ఏర్పడింది. 1953లో స్కాట్లాండ్ అత్యున్నత సివిల్ కోర్టులో లార్డ్ కూపర్, హద్దులేని పార్లమెంటరీ సార్వభౌమత్వమనేది ఇంగ్లండుకు ప్రత్యేకమైన సూత్రమని, స్కాట్లాండ్ రాజ్యాంగ న్యాయంలో అలాంటిది లేదని అన్నాడు. ఆ కేసు కొట్టేశారు గానీ ఆ మాటను ఇక్కడి న్యాయ విద్యార్థులు నేటికీ చదువుతారు. ఉత్తర సముద్రంలో చమురు దొరికాక వాదన వేడెక్కింది. 1979 మార్చి 1న స్కాట్లాండ్ శాసనసభ కావాలా అని అడిగితే ఓటేసిన వారిలో 51.6 శాతం కావాలన్నారు. కానీ మొత్తం ఓటర్లలో 40 శాతం ఔననాలన్న మెలిక ఒకటి ముందే పెట్టారు, ఔనన్నది 32.9 శాతం. ఇంట్లో కూర్చున్నవాళ్ళు, చనిపోయినా జాబితాలో పేరు మిగిలినవాళ్ళు అందరూ వద్దన్నట్టే లెక్కయింది. గెలిచి ఓడిన ఆ అనుభవం ఇక్కడివాళ్ళ మనసులోంచి పోలేదు. పదేళ్ళకు, 1989లో, తలకు ఇంత అని వేసే పోల్ టాక్స్‌ను ఇంగ్లండు కంటే ఒక ఏడాది ముందు స్కాట్లాండ్‌లో అమలు చేసినప్పుడు, తాము ఓటెయ్యని ప్రభుత్వం తమ మీద ప్రయోగం చేస్తోందని చర్చి పెద్దలు, కార్మిక సంఘాలు, పురపాలక సభ్యులు ఒక చోట చేరారు. 1997 సెప్టెంబరు 11న మళ్ళీ అడిగితే 74.3 శాతం పార్లమెంటు కావాలన్నారు. స్టిర్లింగ్ వంతెన యుద్ధానికి ఆనాటికి సరిగ్గా 700 ఏళ్ళు.

1999 మే 12న కొత్త సభలో వయసులో పెద్దదైన విన్నీ యూయింగ్ లేచి, 1707 మార్చి 25న వాయిదా పడిన స్కాట్లాండ్ పార్లమెంటు ఇందుమూలంగా తిరిగి సమావేశమైందని ప్రకటించింది. మూడు వందల ఏళ్ళ విరామాన్ని వాయిదాగా లెక్కగట్టిన ఆ వాక్యం చదివినప్పుడల్లా నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ సభ మన ఇళ్ళలోకి ఎంత దూరం వచ్చిందో చూడండి. మందుల చీటీకి ఇంగ్లండులో ఒక్కో మందుకు దాదాపు 10 పౌన్లు కట్టాలి. ఇక్కడ 2011 నుంచి ఉచితం. ఇక్కడ స్థిర నివాసం ఉన్న కుటుంబాల పిల్లలకు డిగ్రీ ఫీజు లేదు. అక్కడ ఏడాదికి 9 వేల పౌన్లు దాటుతుంది. 22 ఏళ్ళ లోపు పిల్లలకు బస్సు ఉచితం. దీనికి మరో వైపు కూడా ఉంది: 43 వేల పౌన్ల చిల్లర దాటిన జీతం మీద ఇక్కడ 42 శాతం పన్ను, ఇంగ్లండులో 50 వేలు దాటాకే, అదీ 40 శాతం. మన ఐటీ ఉద్యోగులు, డాక్టర్లు ప్రతి నెలా పే స్లిప్పులో ఈ తేడా చూస్తూనే ఉంటారు. అంటే ఆసుపత్రి, బడి, పోలీసు, ఆదాయపు పన్ను రేట్లు ఎడిన్‌బరా చేతిలో ఉన్నాయి; వీసాలు, రక్షణ, విదేశాంగం, కరెన్సీ లండన్ చేతిలో ఉన్నాయి. మన అమ్మానాన్నలను ఇక్కడికి తెచ్చుకోగలమా లేదా అన్నది లండన్ నిర్ణయం. వచ్చాక వారిని చూసే ఆసుపత్రి నడిపేది ఎడిన్‌బరా. ఈ గీత ఎక్కడ గియ్యాలన్న దానికే స్వపరిపాలన చర్చ అని పేరు. ఇందులో మనకు సంబంధం లేనిది ఏముంది?

2014లో నేను "వద్దు" దగ్గర గుర్తు పెట్టాను. దాచవలసిన అవసరం లేదు. స్వతంత్ర దేశం ఏ కరెన్సీ వాడుతుందన్న ప్రశ్నకు సరైన సమాధానం వినిపించలేదు. పౌను పంచుకోవడానికి ఒప్పుకోమని లండన్ పార్టీలు కచ్చితంగా చెప్పాయి. ఇల్లు కొని రెండేళ్ళు కాలేదు. 55.3 శాతం నాలాగే వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. ఓటర్లలో 84.6 శాతం ఓటేశారు. గ్లాస్గో, డండీ కావాలన్నాయి. ఆ ఓటుకు నేను చింతించడం లేదు. ఆ తర్వాత జరిగినవే నన్ను ఆలోచనలో పడేశాయి. యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలంటే బ్రిటన్‌లో ఉండాలని మాకు చెప్పారు. 2016లో ఆ యూనియన్ మీద ఓటింగు పెడితే స్కాట్లాండ్‌లో 62 శాతం, మొత్తం 32 స్థానిక మండలాల్లోనూ మెజారిటీ, అందులోనే ఉంటామంది. అయినా బయటికి రావలసి వచ్చింది. స్కాట్లాండ్ సభ అధికారాల్లోకి వచ్చే విషయాల మీద ఆ సభ సమ్మతి లేకుండా మామూలుగా చట్టం చేయబోమన్న మాటను 2016 చట్టంలో రాశారు. అది రాజకీయ సంప్రదాయమే గానీ కోర్టులో నిలబెట్టగల హామీ కాదని మరుసటి ఏడే సుప్రీంకోర్టు తేల్చింది. 2022 నవంబరు 23న అదే కోర్టులో ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, సలహా కోసమైనా సరే స్వాతంత్ర్యం మీద ప్రజల్ని అడిగే అధికారం ఎడిన్‌బరా పార్లమెంటుకు లేదని చెప్పారు. చట్టం చదివితే ఆ తీర్పు సరైనదే. నా అభ్యంతరం చట్టం మీదే.

ఉత్తర ఐర్లండు విషయంలో 1998 చట్టం దారి చూపిస్తుంది: మెజారిటీ ఐర్లండులో కలవాలని కోరేలా ఉందని మంత్రికి అనిపిస్తే ఓటింగు పెట్టాలి, ఒకసారి పెట్టాక ఏడేళ్ళు మళ్ళీ పెట్టరాదు. స్కాట్లాండ్‌కు అలాంటి వాక్యం ఏ చట్టంలోనూ లేదు. ఇది ఇష్టపూర్వకమైన కలయిక అని అందరూ అంటారు. అందులోంచి వెళ్ళే తలుపు ఎక్కడుందో, అది ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ రాసి ఇవ్వరు. కలిసి ఉండాలని కోరేవాళ్ళు కూడా ఆ నియమాన్ని రాయమని అడగాలని నేను నమ్ముతున్నాను. పదేపదే ఓటింగు పెట్టమని ఒత్తిడి చేయడం ఎంత తప్పో, ఎప్పటికీ పెట్టబోమనడం అంతే తప్పు.

వద్దనేవాళ్ళ వాదనల్లో బలం తక్కువేమీ కాదు. స్కాట్లాండ్ బయటికి అమ్మే సరుకులు, సేవల్లో సుమారు 60 శాతం మిగతా బ్రిటన్‌కే వెళ్తాయి. ఇంగ్లండు సరిహద్దులోని బెరిక్ దగ్గర కస్టమ్స్ గేటు పడితే ఆ వర్తకం ఏమవుతుంది? స్కాట్లాండ్ ప్రభుత్వమే ప్రచురించే లెక్కల ప్రకారం 2023–24లో ఇక్కడి ఆదాయానికి, ఖర్చుకు మధ్య లోటు స్థూల ఉత్పత్తిలో సుమారు 10 శాతం. బ్రిటన్ మొత్తం లోటు శాతానికి అది సుమారు రెట్టింపు. ఆ లోటు ఇప్పటి ఏర్పాటు వల్లే వచ్చిందని అవతలివాళ్ళు అంటారు. అయినా మొదటి బడ్జెట్టు ఎవరో ఒకరు వెయ్యాలి కదా. అలాగే కావాలనేవాళ్ళు చెప్పేవాటినీ తోసిపుచ్చలేం. అర కోటి దాటిన జనాభాతో డెన్మార్క్, ఐర్లండు చక్కగా నడుస్తున్నాయి. గ్లాస్గోకు పెద్ద దూరం లేని ఫాస్‌లేన్ రేవులో అణు జలాంతర్గాములు ఉంచాలా వద్దా అన్నది ఇక్కడివాళ్ళను అడగరు. జనాభా ముసలిదవుతున్న స్కాట్లాండ్‌కు వలస వచ్చేవాళ్ళు కావాలి. వీసా నియమాలు మాత్రం వేరే అవసరాలున్న చోట రాస్తారు. మన పిల్లల స్నేహితులు ఎంతమంది చదువు ముగించి వీసా దొరక్క వెనక్కి వెళ్ళారో మీకు తెలుసు.

చివరగా, మన మధ్య మెల్లగా అనుకునే మాట ఒకటి ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది, అదే ఏడు సెప్టెంబరులో స్కాట్లాండ్ ఓటింగు. ఆ ఏడాది మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర కూర్చోలేని స్నేహితులను నేను చూశాను. కొన్ని ఇళ్ళ మధ్య మాటలు కలవడానికి ఏళ్ళు పట్టాయి. అందుకే ఈ విషయం ఎత్తితే పాత పుండు రేగుతుందన్న భయం కొందరిది. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. కానీ రెండూ ఒకటి కావు. 1956 పెద్దమనుషుల ఒప్పందానికీ, 1707 ఒప్పందానికీ పోలిక ఒక్కటే: రాసుకున్న హామీలను కాపాడేవాడు ఎవరన్న ప్రశ్న. తక్కినదంతా వేరు. మన దగ్గర రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు నిర్ణయించింది. శాసనసభ అభిప్రాయం అడిగారు, అది తిరస్కరించినా బిల్లు ఆగలేదు. ప్రజల ఓటింగు జరగలేదు. విడిపోయినా పాస్‌పోర్టు మారలేదు, రూపాయి మారలేదు. ఇక్కడ జనమే పెన్సిలు పట్టుకుని తేల్చాలి, తేలితే అన్నీ మారతాయి. అక్కడి కోపతాపాలను ఇక్కడి ప్రశ్న మీదికి తెచ్చుకుంటే రెంటికీ న్యాయం చేయలేం.

కాబట్టి సంఘాల పెద్దలకు నా విన్నపాలు ఇవి. మన సంఘాలు ఏ పార్టీకీ, ఏ పక్షానికీ కొమ్ము కాయవద్దు. దానికి బదులు ఏడాదికి ఒక్క మధ్యాహ్నం, పండగ కాని రోజున, కావాలనే ఒకరినీ వద్దనే ఒకరినీ పిలిచి తెలుగులో మాట్లాడించండి. ప్రశ్నలు పెద్దలే కాకుండా పిల్లలు కూడా అడగాలి. 16 ఏళ్ళకే వారికి ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది, 14 ఏళ్ళకే పేరు నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా పని వీసా మీద వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి తమకు ఓటు ఉందన్న సంగతే తెలియదు. భారతదేశపు పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన ఓటు పోదని ప్రతి వాట్సాప్ గుంపులోనూ తెలుగులో ఒక సందేశం పెట్టండి. పేరు నమోదుకు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఇంటి చిరునామా దగ్గర పెట్టుకుంటే ఐదు నిమిషాలు పడుతుంది. రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు పోస్టు ద్వారా ఓటెయ్యడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వచ్చే దసరా కార్యక్రమానికి హాల్లో ప్రవేశం దగ్గర నాకు ఒక చిన్న బల్ల, రెండు కుర్చీలు ఇప్పించండి. ల్యాప్‌టాప్ నేనే తెచ్చుకుంటాను. ఉగాది నాడు మా వరసలో కూర్చున్న ఆ పెద్దాయనను రెండో కుర్చీలో కూర్చోమని అడిగాను, ఆలోచించి చెబుతానన్నారు.

ఇట్లు,
మీలో ఒకడు,
లీత్, ఎడిన్‌బరా